వదులుగా కుట్టిన బొత్తాలు

"బొత్తాలు మరీ నొక్కి కుట్టకు," అంది అత్తగారు జూలియా, పొయ్యి పక్క కుర్చీలోంచి కదలకుండానే. "ఒంటిపేట దారం చాలు. గట్టిగా లాగితే ఊడి రావాలి."

నక్కల వేటకి వెళ్ళే ప్రతి పొద్దునా ఈ మాట వినీ వినీ డీలియాకి విసుగొచ్చేసింది. అయినా "సరే అత్తయ్యా" అని, దారం రెండో పేట తీసేసి మళ్ళీ సూదిలోకి ఎక్కించింది. ఒళ్ళో ఉన్నది స్వారీ పావడా. పేరుకే పావడా. ముందువైపు కాళ్ళని కప్పుతుంది, వెనకంతా ఖాళీ, లోపల మగవాళ్ళ లాగే బిగుతు లాగు. నడుం దగ్గర మూడు బొత్తాలు. ఆడవాళ్ళు రెండు కాళ్ళూ ఎడమవైపే వేసుకుని, జీను కొమ్ముల మధ్య మోకాలు బిగించి కూర్చోవాలి కాబట్టి, కాళ్ళు రెండున్నాయని లోకానికి తెలియకుండా ఉండడానికి ఈ గుడ్డ. వదులుగా కుట్టిన బొత్తాలు దారిలో ఎక్కడ ఊడి పరువు తీస్తాయోనని డీలియా భయం. ఆ భయం చిన్నది. దాని కింద ఉన్న పెద్ద భయం గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

ఇవాళ కూడా డీలియా తెల్లవారకముందే లేచింది. లాంతరు వెలుగులో సార్జెంట్ అనే గుర్రం జూలు తడిపి పదకొండు జడలు అల్లి, ఒక్కోదాన్నీ ముడిచి దారంతో కుట్టింది. మొగుడి తెల్ల లాగుకి సుద్ద పట్టించింది, బూట్లు మెరిసేలా రుద్దింది. మామగారికి, మొగుడికి రొట్టెలో మాంసం ముక్కలు పెట్టి పొట్లాలు కట్టింది. తన జుట్టు సంగతి ఆఖర్న గుర్తొచ్చి, దువ్వకుండానే తలకి కట్టే వలలోకి తోసేసింది. గుర్రానికి పదకొండు జడలు వేసిన మనిషికి తన తల దువ్వుకునే తీరిక లేకపోవడం తల్చుకుంటే నవ్వొచ్చింది కానీ, నవ్వు పైకి రాలేదు. బల్ల మీద గుడ్డు చల్లారిపోతోంది.

"తినవేం?" అన్నాడు మొగుడు మలాకీ, తన పళ్ళెం ఖాళీ చేస్తూ.

"ఆకలి లేదు."

"ఖాళీ కడుపుతో ఎక్కితే నీరసపడతావు. గుర్రానికి తెలిసిపోతుంది," అని ఆమె గుడ్డు కూడా తన పళ్ళెంలోకి లాక్కున్నాడు.

గుర్రానికి తెలిసిపోతుంది. పెళ్ళయిన రెండేళ్ళలో డీలియా ఎక్కువసార్లు విన్న మాట అదే. ఏడిస్తే గుర్రానికి తెలిసిపోతుంది, నెలసరి నొప్పొస్తే గుర్రానికి తెలిసిపోతుంది. పెళ్ళైన మూడో వారంలో, అటూ ఇటూ ఎగిరే ఓ నల్ల గుర్రం మీద నుంచి దిగి "భయమేస్తోంది మలాకీ" అంటే, అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ మాట ఇంకెప్పుడూ అనకు. భయం నీ చేతుల్లోంచి కళ్ళెంలోకి పోతుంది, కళ్ళెంలోంచి గుర్రం నోట్లోకి పోతుంది. సరుకు పాడైపోతుంది." అప్పటినించీ డీలియా భయాన్ని నోట్లో పెట్టుకోలేదు. కడుపులో పెట్టుకుంది.

అసలు ఆమెను ఆ ఇంటికి తెచ్చింది ఆమె చేతులే. పాలకేంద్రానికి బండి తోలుకెళ్ళే పిల్ల, పదిహేడేళ్ళది, ఓ పొగరు గాడిదని వేలికొసలతో నడిపిస్తుంటే సంతలో మామగారు థేడీ కల్హేన్ చూశాడు. "ఒరే మలాకీ, ఆ పిల్ల చేతులు చూడరా! వెన్నముద్ద పట్టుకున్నట్టు పట్టుకుంది!" అన్నాడట. మొహం చూసినట్టు ఎవరూ చెప్పలేదు. థేడీ పచ్చి గుర్రాలు కొని, మచ్చిక చేసి, సముద్రం అవతలి నుంచి వేటకొచ్చే దొరలకు అమ్ముతాడు. మగాడు నడిపిన గుర్రానికి ఒక ధర, "ఆడమనిషిని మోసింది" అని చెప్పగలిగే గుర్రానికి ఇంకో ధర. ఆ చెప్పడానికి ఇంట్లో ఓ ఆడమనిషి కావాలి. డీలియా రెండు చలికాలాల్లో పద్నాలుగు గుర్రాలు ఎక్కింది. ఒకటి మాట వినడం మొదలుపెట్టగానే అమ్ముడుపోయేది, దాని చోట్లోకి కొత్తగా తన్నేది, కరిచేది వచ్చేది. మంచిదైన గుర్రం ఒక్కటీ ఆమెకు మిగల్లేదు. ఈ కష్టానికి జీతమా, బత్తెమా? "మా కోడలు ఎంత అదృష్టవంతురాలు! రాణిలా రోజుకో గుర్రం ఎక్కుతుంది," అనేవాడు థేడీ, వచ్చినవాళ్ళ ముందు.

ఆయనకింకో సరదా కథ కూడా ఉంది. జూలియా తుంటి ఎలా విరిగిందో. "మా ఆవిడ కొత్త పెళ్ళికూతురు. గోడ చూడమంటే ఆకాశం చూసింది. పొలం ఈ చివర్నించి ఆ చివరిదాకా గుర్రం ఈడ్చుకుపోయింది. అప్పటినించీ నేల చూస్తూ నడవడం నేర్చుకుంది!" అందరూ నవ్వేవాళ్ళు. జూలియా చేతికర్ర ఊతంతో వాళ్ళకి టీ తెచ్చేది. ముప్పై ఏళ్ళుగా ఆ కథకి ఆమే టీ పోస్తోంది.

డీలియా పావడా తొడుక్కుంటూంటే జూలియా లేచొచ్చింది. తలుపు పక్క గిన్నెలోని పవిత్రజలం రెండు చుక్కలు కోడలి నుదుట చల్లి, బొత్తాలు మూడూ ఒక్కొక్కటే లాగి చూసింది. వదులుగానే ఉన్నాయని తెలిశాక వదిలింది.

బయట మలాకీ సార్జెంట్‌ని పట్టుకుని నిలబడ్డాడు. ఎర్రటి, ఎత్తయిన గుర్రం. చూడ్డానికి నిజంగా అందగాడు. డీలియా కుడిచేతిలో బెత్తం చూడగానే మలాకీ లాక్కున్నాడు. "ఇవాళ ఇదొద్దు."

"బెత్తం లేకుండా ఎలా? కుడివైపు నాకు కాలే లేదు కదా!"

ఆడజీను మీద కుడికాలి పని బెత్తమే చెయ్యాలి. అది తాకిస్తేనే గుర్రానికి అటువైపు మనిషుందని తెలుస్తుంది. ఈ సంగతి మలాకీకి ఆమె చెప్పాలా?

"వాడికి కుడివైపు ముట్టుకుంటే పొగరు. నోటితో, చేతులతో నడుపు. నీ చేతులు చాలు." అరచేతులు కలిపి ఆమె ఎడమపాదం అందుకుని పైకి ఎత్తాడు. మగాడెవడో ఎత్తితే తప్ప ఆ జీను ఎక్కడం ఆడదాని వల్ల కాదు. దిగడం మాత్రం ఒక్కతే దిగొచ్చు, లేదా పడొచ్చు.

* * *

క్లోన్‌బార నాలుగు రోడ్ల కూడలిలో సారాకొట్టు ముందు అప్పటికే జనం. జనవరి మంచు ఇంకా పచ్చిక మీదనుంచి లేవలేదు. వేటకుక్కలు ఇరవై జతలు తోకలాడిస్తూ తిరుగుతున్నాయి. ఎర్రకోట్లవాళ్ళు గుర్రాల మీదే కూర్చుని చిన్న గ్లాసుల్లో తాగుతున్నారు. పాపం, నక్క ఎక్కడో ముళ్ళపొదల్లో ఇంకా నిద్రపోతూ ఉంటుంది.

ఆడమనిషి గుర్రం మీద ఎదురైతే మగవాళ్ళు టోపీ పైకెత్తి నమస్కరించడం వేటలో మర్యాద. పాల వ్యాపారి భార్యకి ఎత్తని టోపీ కూడా ఆడజీను మీద ఉన్న కల్హేన్ కోడలికి ఎత్తుతారు. ఎడమవైపునుంచి స్టేషన్ మాస్టరు టోపీ ఎత్తగానే సార్జెంట్ అదిరిపడి తల ఎగరేశాడు. పళ్ళ మధ్య కళ్ళెం ఇనుము టకటకలాడింది. డీలియా గుండె జారింది. వేళ్ళు మాత్రం బిగించలేదు, మెల్లగా మాటలు చెప్పి ఊరుకోబెట్టింది. కాసేపటికి కుడివైపునుంచి డాక్టరుగారు పెద్ద టోపీ, ఇంచుమించు గుర్రం చెంపకి తగిలేంత దగ్గరగా ఎత్తాడు. సార్జెంట్ చెవి కూడా కదల్చలేదు. అలవాటు పడుతున్నాడులే అనుకుంది డీలియా.

"ఇదిగో మేజర్‌గారూ, చెప్పానే, వీడే సార్జెంట్!" థేడీ మొహమంతా నవ్వు పులుముకుని ఒక తెల్లమీసాల దొరని వెంటబెట్టుకొచ్చాడు. "ఇటు రండి, ఇటు, ఎడమవైపునుంచి చూస్తే వాడి మెడ అందం తెలుస్తుంది. వేరే హామీ ఎందుకండీ? నా ఇంటి ఆడపిల్లని ఎక్కించాను. సొంత కోడల్ని చావడానికి ఎవడైనా ఎక్కిస్తాడా?"

మేజర్ ట్రెమ్లెట్ డీలియాకి టోపీ ఎత్తాడు. ఎడమవైపునుంచే. గుర్రం అదిరింది. "చురుకైనవాడు," అన్నాడు మెచ్చుకోలుగా. ఆయన వెనక ఒక పిల్ల, పదిహేనేళ్ళుంటాయి, కొత్త స్వారీ బట్టల్లో బొమ్మలా నిలబడి ఉంది. కూతురట, పేరు హెస్టర్. గుర్రం ఆ పిల్లకే. వేట అయ్యాక ఆ పిల్ల ఒకసారి ఎక్కి చూస్తుంది, నచ్చితే ఈ సాయంత్రం రైలుకే గుర్రాన్ని ఎక్కించేస్తారు. హెస్టర్ సార్జెంట్ వైపు చూడ్డంలేదు. డీలియా చేతుల వైపు చూస్తోంది. ఆ పిల్ల పెదాలు తెల్లబడి ఉండడం డీలియా గమనించింది. అద్దంలో రోజూ చూసే రంగే కాబట్టి పోల్చుకోవడం కష్టం కాలేదు.

పదిన్నరకి నక్క లేచింది. బూర మోగింది, కుక్కలు ఒక్కసారిగా గొంతెత్తాయి, నేల అదిరింది. ఆ క్షణంలో డీలియాకి ఎప్పుడూ ఒకటే జరుగుతుంది. నోరు పిడచగట్టుకుపోతుంది, చెవుల్లో తన గుండె తప్ప ఏదీ వినబడదు, చేతులు మాత్రం ఎవరివో అయినట్టు ప్రశాంతంగా పని చేసుకుపోతాయి. మొదటి రాళ్ళగోడ దాటారు. రెండోది దాటారు. సార్జెంట్ బలంగానే దూకుతున్నాడు కానీ, ప్రతి గోడ ముందూ తల కుడివైపుకి తిప్పి, మెడ వంకర పెట్టి చూస్తున్నాడు. దూకేటప్పుడు ఒళ్ళు వాలుతోంది. కుడివైపు ఆనించడానికి ఆమెకు కాలు లేదు, బెత్తం లేదు. "ముందు చూడరా నాయనా, ముందు చూడు," అని గొణుగుతూ నడిపింది.

నాలుగో గోడ దగ్గర కుడివైపునుంచి ఎవరిదో గోధుమరంగు గుర్రం ఒరుసుకుంటూ వచ్చింది. డీలియా దాన్ని కంటి కొసతో చూసింది. సార్జెంట్ చూడలేదు. సరిగ్గా కాళ్ళు లేపే వేళకి ఆ గుర్రం భుజం తగలడంతో, పిడుగు పడ్డట్టు ఉలిక్కిపడ్డాడు. ముందుకాళ్ళు గోడకి కొట్టుకున్నాయి. రాళ్ళు దొర్లాయి. ఆకాశం, బురద, మళ్ళీ ఆకాశం. డీలియా తల నేలకి తగిలింది, కానీ నడుం నేలకి రాలేదు. పావడా జీను కొమ్ముకి చుట్టుకుంది. సార్జెంట్ లేచాడు. లేచి, తన పొట్ట పక్కన వేలాడుతున్నదేమిటో తెలియక బెదిరి పరుగందుకున్నాడు.

అరిచిందో లేదో ఆమెకు గుర్తులేదు. ఇనపనాడాలు మొహానికి జానెడు దూరంలో లేస్తున్నాయి, పడుతున్నాయి. ఒక అంగ, రెండంగలు, మూడు. జూలియాని ఈడ్చినట్టే, పొలం ఈ చివర్నించి ఆ చివరిదాకా. అప్పుడు నడుం దగ్గర ఒక బొత్తం ఊడింది. వెంటనే రెండోది. మూడోది తెగిన చప్పుడు ఆమెకు బతికినంతకాలం గుర్తుంటుంది, అంత చిన్న చప్పుడు. పావడా గుర్రంతో పోయింది, డీలియా బురదలో మిగిలింది.

అలాగే పడుకుంది. వేట ముందుకి వెళ్ళిపోయింది. మొగుడు వెనకే ఉన్నాడుగా చూసుకుంటాడులే అనుకుని ఎవరూ ఆగలేదు. కాసేపటికి మోకాళ్ళ మీద లేచింది. సార్జెంట్ ఎంతో దూరం పోలేదు, కళ్ళెం కాళ్ళకి చుట్టుకుని నిలబడి రొప్పుతున్నాడు. ఆమె వైపు వాడి కుడి పక్క ఉంది. పేరు పెట్టి పిలవకుండా, పచ్చిక మీద చప్పుడు కాకుండా దగ్గరికెళ్ళింది. గాజులా శుభ్రంగా ఉన్న పెద్ద కన్ను ఆమె వైపే తెరుచుకుని ఉంది. గడ్డం కింద పట్టీతో నిలిచిన టోపీ తీసి, ఆ కంటి ముందు మెల్లగా ఊపింది. తర్వాత గట్టిగా ఊపింది. రెప్ప పడలేదు.

ఒక్కొక్కటీ అప్పుడు గుర్తొచ్చాయి. సార్జెంట్‌ని కట్టేసిన చోట కుడివైపు గోడ ఉండేది. నడిపించినా, దువ్వినా, మేత పెట్టినా అందరూ ఎడమవైపునుంచే వెళ్ళేవాళ్ళు. ఆరు వారాలుగా ప్రతి సాయంత్రం మలాకీ ఒక గిన్నెడు టీ డికాక్షన్ పాలు లేకుండా, చల్లార్చి, గుడ్డలో వడకట్టి ఇమ్మనేవాడు. "ఎందుకు?" అంటే "ఆడవాళ్ళకి అన్నీ కావాలి" అనేవాడు. ఊళ్ళో పిల్లలకి కళ్ళు వాస్తే తల్లులు చల్లటి టీతోనే కడుగుతారు. కన్ను పాడైన జాడ తెలియకుండా దాంతోనే కడిగి ఉంటారు, ఈ ముక్క తనకెందుకు తట్టలేదు? ఆరు వారాలు తన చేత్తో, వడకట్టి మరీ ఇచ్చింది. తాను ఎక్కబోయే చావుకి తనచేతే మందు కాయించారు.

మలాకీ గోడ దాటి వచ్చాడు. దూకి దిగాడు. నేరుగా సార్జెంట్ దగ్గరికెళ్ళి వంగి, ముందుకాళ్ళు పైనుంచి కిందికి తడిమాడు. "హమ్మయ్య, మోకాళ్ళు పగల్లేదు," అన్నాడు. అప్పుడు పెళ్ళాం వైపు తిరిగాడు. "నీకేం కాలేదుగా? మేజర్ చూడలేదులే. ఆ కాళ్ళు కప్పుకో ముందు, ఎవరైనా వస్తారు."

"వీడికి కుడికన్ను కనబడదు," అంది డీలియా.

మలాకీ పావడా దులుపుతూ ఆగాడు.

"నీకు తెలుసు."

"మెల్లగా. పొలాలకి కూడా చెవులుంటాయి." అతని మొహంలో కోపం లేదు, అదే ఆమెకు ఎక్కువ భయం వేసింది. నచ్చచెప్పే మొహం. "నీకు చెప్పొద్దని నాన్న అన్నాడు. తెలిస్తే నీ చేతులు బిగుసుకుపోతాయి డీలియా. గుర్రానికి తెలిసిపోతుంది. నీ మంచికే. ఈ ఒక్కరోజు గడిస్తే వాడు సముద్రం దాటి పోతాడు, మన తలనొప్పి వదిలిపోతుంది."

"ఆ పిల్లకి పదిహేనేళ్ళు."

"వాళ్ళకి డబ్బుంది, డాక్టర్లున్నారు. మనకేముంది? ఎక్కు." మెడపట్టీకి ఉన్న పెద్ద పిన్నీసు తీసి, పావడా ఆమె నడుముకి చుట్టి, రెండు మడతలు వేసి గుచ్చి బిగించాడు. "ఇప్పుడిక ఊడదు," అన్నాడు తృప్తిగా. అరచేతులు కలిపి ముందుకి చాచాడు.

ఆమె ఎక్కింది. ఎందుకెక్కావంటే ఏం చెబుతుంది? పాలకేంద్రంలో పనిచేసే తండ్రి, ఆయన వెనక ఇంకా ఐదుగురు పిల్లలు. ఆ దేశంలో పెళ్ళి ముడి విప్పే దారి లేదు. పోవడానికి చోటు లేని మనిషి ఎక్కమంటే ఎక్కుతుంది. కానీ మలాకీ ముందుగా గోడ దాటగానే, పొదలోంచి ఒక సన్నని హేజెల్ చెట్టు కొమ్మ విరిచి చిన్న రెమ్మలు తుంచేసి కుడిచేత్తో పట్టుకుంది. కుడివైపు మొదట మాటతో చెప్పి, తర్వాత కొమ్మ మెల్లగా ఆనించింది. "నేనేరా. ఇటువైపు నేనే ఉన్నా." సార్జెంట్ వణికాడు, ఆగాడు, చెవి ఇటు తిప్పాడు. రాయి ఉంటే రాయి ఉందని, గుర్రం వస్తే గుర్రం వస్తోందని చెబుతూ నడిపింది. వాడు వింటున్నాడు. వాడి భయం కళ్ళెంలోంచి ఆమె వేళ్ళకి వస్తోంది. ఇన్నాళ్ళూ భయం ఒకవైపే ప్రయాణిస్తుందని చెప్పారు, అదీ అబద్ధమే.

నడుం దగ్గర పిన్నీసు ఇనుము చల్లగా తగులుతోంది. దారానికైతే తెగే గుణం ఉంది. మళ్ళీ పడితే ఇది వదలదు. ఆ ఆలోచన వచ్చాక ఇంకో గోడ దాటడం ఆమె వల్ల కాలేదు. గుర్రాన్ని ఆపి, పిన్నీసు విప్పి, కోటు జేబుకి గుచ్చుకుంది. పావడా పక్కకి జారి గాలికి కొట్టుకుంది. కాళ్ళు రెండూ లోకానికి కనబడ్డాయి.

అక్కడే నక్కని చూసింది. కుడివైపు గోడ సందులోంచి వచ్చింది. పొట్టదాకా బురద, నాలుక వేలాడుతోంది, తోక నేలని రాస్తోంది. సార్జెంట్ కుడిపక్కనుంచే పోయింది, వాడికి తెలియలేదు. నక్కని చూసినవాళ్ళు గట్టిగా కేకపెట్టి, పోయిన దారి చూపించాలి. డీలియా కేకపెట్టలేదు. జాలి అనుకుంటే అబద్ధం, గొంతు లేవలేదు. కానీ అది రాతిగుట్ట వైపు ఈడ్చుకుంటూ పోతుంటే ఒకటనిపించింది. ఈ నక్కకైనా బూర ఊది చెప్పారు. ఇరవై జతల కుక్కల చేత అరిపించి, వస్తున్నాం పారిపో అని ఊరంతా వినేలా చెప్పారు. తనకి ఆ పాటి కూడా చెప్పలేదు.

నక్క గుట్టలోని బొరియలో దూరింది. కుక్కలు రాళ్ళమీద చేరి గోల చేశాయి. వేటపెద్ద గడియారం చూసి, ఇవాళ్టికి చాలన్నాడు.

* * *

నాలుగు రోడ్ల కూడలికి తిరిగి వచ్చేసరికి వెలుతురు పలచబడుతోంది. మేజర్ కారు పక్కన ఎదురుచూస్తున్నాడు. థేడీ ఎదురొచ్చి కోడలి పావడా చూశాడు, కళ్ళతోనే ఉరిమాడు, మేజర్ వైపు తిరిగేలోగా మళ్ళీ నవ్వు తెచ్చుకున్నాడు. "చూశారా! రోజంతా మోశాడు. ఒక్క చెమటచుక్క లేదు. మా అమ్మాయి మొహం చూడండి, తోటలో షికారుకెళ్ళొచ్చినట్టు లేదూ?" డీలియా చెంపమీద బురద ఎండి పగుళ్ళిచ్చింది.

"దిగమ్మా, ఇక హెస్టర్ ఎక్కి చూస్తుంది," అన్నాడు మేజర్.

హెస్టర్ దగ్గరికొచ్చింది. ఎడమవైపునుంచే, థేడీ దగ్గరుండి తీసుకొచ్చాడు. పిల్ల పావడాకి కొత్త బొత్తాలు, మైనం పట్టించిన నాలుగుపేటల దారంతో ఎవరో దాది చాలా ప్రేమగా, చాలా గట్టిగా కుట్టినవి. డీలియా చూపు వాటి మీదే ఆగిపోయింది. పొలం ఈ చివర్నించి ఆ చివరిదాకా.

పిల్ల, జీను మీదున్న మనిషికి మాత్రమే అన్నట్టు, మెల్లగా అడిగింది. "మీకు భయమేస్తుందా అండీ?"

ఆ మాట రెండేళ్ళలో ఆమెని ఎవరూ అడగలేదు. పక్కనే ఉన్న థేడీ విన్నాడు. పకపకా నవ్వాడు. "భయమా! కల్హేన్ ఇంటి కోడలికా!" మలాకీ నవ్వలేదు. పెళ్ళాం వైపు చూశాడు, వద్దన్నట్టు తల అడ్డంగా ఒక్కసారి తిప్పాడు.  డీలియాకి గోడ ముందు ఇంత భయం వెయ్యలేదు, గుర్రం ఈడ్చినప్పుడూ ఇంత వెయ్యలేదు. ఈ రాత్రి ఏ ఇంటికి వెళ్ళాలి, రేపు ఎవరి ముందు పళ్ళెం పెట్టాలి, ఎవరి పక్కన పడుకోవాలి అన్నీ ఇప్పుడు చెప్పే జవాబు అవతలే ఉన్నాయి.

"వేస్తుంది," అంది.  "మేజర్‌గారూ, నాకొక మర్యాద చేస్తారా? గుర్రానికి కుడివైపు వెళ్ళి, మాట్లాడకుండా, నాకు టోపీ ఎత్తండి."

"ఇదేం పిచ్చి! పొద్దున్నించీ అలిసిపోయింది, దిగమ్మాయ్, దిగు," అంటూ థేడీ కళ్ళెం అందుకోబోయాడు. మేజర్ అప్పటికే కుడివైపుకి నడిచాడు. ఆడమనిషి మర్యాద అడిగితే కాదనడం ఆయన పెంపకంలో లేదు. టోపీ ఎత్తాడు. సార్జెంట్ విగ్రహంలా నిలబడ్డాడు. మేజర్ కనుబొమలు ముడిచాడు. టోపీ తెచ్చి సరిగ్గా కంటి ముందు ఆడించాడు. రెప్ప పడలేదు. మాట్లాడకుండా చుట్టూ తిరిగి ఎడమవైపు వచ్చి మళ్ళీ ఎత్తాడు. సార్జెంట్ తల ఆకాశానికి ఎగరేసి రెండడుగులు వెనక్కి వేశాడు.

కూడలిలో ఉన్నవాళ్ళంతా గుర్రాల మనుషులే. ఎవరికీ ఏదీ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. స్టేషన్ మాస్టరు గ్లాసు కింద పెట్టాడు. మేజర్ థేడీ వైపు చూడను కూడా లేదు. డీలియాకి ఇంకోసారి టోపీ ఎత్తాడు. ఈసారి చాలాసేపు తల మీద పెట్టుకోలేదు. హెస్టర్ ఏడుస్తూ కారెక్కింది. భయంతోనో, భయం వదిలో తెలియలేదు.

థేడీ మొహం నల్లబడింది. "ఇంటికి పద. నీ సంగతి చెప్తా," అన్నాడు పళ్ళ మధ్యనుంచి. కానీ తాను కదల్లేదు. జనం చూస్తున్నారు కాబట్టి సారాకొట్టులోకి నడిచాడు. మలాకీ ఎటు పోవాలో తెలియనట్టు నిలబడి, ఆఖరికి తండ్రి వెనకే వెళ్ళాడు.

డీలియా ఒక్కతే దిగింది. మళ్ళీ ఎత్తడానికి ఎవరూ లేరు కాబట్టి నడిచింది, మూడు మైళ్ళు. సార్జెంట్‌కి కుడివైపున నడిచింది, వాడికి అటువైపు ఎవరో ఒకరుండాలని. 

ఇంట్లో జూలియా లాంతరు వెలిగించి కూర్చుంది. కోడలి నడుం వైపు చూసింది.

"ఎన్ని ఊడాయి?"

"మూడూ."

జూలియా కళ్ళు మూసుకుంది. పెదాలు ఏదో ప్రార్థన గొణిగాయి. డీలియా ఎదురుగా కూలబడింది. జరిగిందంతా చెప్పింది. చెప్పడం అయ్యాక అడిగింది. "మీకు తెలుసా అత్తయ్యా?"

"టీ చల్లార్చమన్నప్పుడే తెలిసింది."

"మరి చెప్పలేదేం?" కోపంతో అరిచింది డీలియా. "నేను చచ్చేదాన్ని!"

"బొత్తాల సంగతి చెప్పానుగా," అంది జూలియా. ఆ మాట తనకే చాలకపోయినట్టు చేతికర్ర ఒళ్ళోకి తీసుకుంది.  "నా బొత్తాలు నేనే నొక్కి కుట్టుకున్నా. కొత్త పెళ్ళికూతుర్ని కదా, చక్కగా కనబడాలని. నేను ఆకాశం చూడలేదు డీలియా. గోడే చూశాను. నా గుర్రానికి ఎడమకన్ను లేదు."

పొయ్యిలో మండుతున్న పీటు మట్టిగడ్డ ఒకటి విరిగి పడింది. డీలియాకి ముప్పై ఏళ్ళ నవ్వులన్నీ ఒక్కసారి వినబడ్డాయి, ఆ నవ్వుల మధ్య ఈమె కుంటుకుంటూ తెచ్చిన టీ కప్పులన్నీ కనబడ్డాయి. కోపం ఎటుపోయిందో తెలియలేదు.

"ఇక ఎక్కను అత్తయ్యా," అంది.

వాకిట్లో బండి ఆగింది. బూట్ల చప్పుడు. డీలియా చేతులు బల్ల అంచుని పట్టుకున్నాయి. జూలియా లేచింది. మగవాళ్ళు వస్తే లేచి పళ్ళేలు సర్దడం ఆమెకు అలవాటు. ఇవాళ కర్ర ఊతంతో బల్ల చుట్టూ తిరిగొచ్చి, కోడలి పక్క కుర్చీలో కూర్చుంది.

తలుపు గోడకి కొట్టుకుంది. థేడీ మొహం కందగడ్డలా ఉంది. అతని వెనక మలాకీ, తల దించుకుని. "నా నోట్లో మట్టి కొట్టింది! కన్ను సంగతి దీనికి ఎవరు చెప్పారు? నువ్వారా?" అని కొడుకు మీదికి చెయ్యెత్తాడు. "చెప్పండి! ఎవరు చెప్పారు?"

"నేను," అంది జూలియా. "ముప్పై ఏళ్ళ క్రితమే ఊరందరికీ చెప్పాల్సింది. ఆలస్యమైంది."

ఎత్తిన చెయ్యి ఎక్కడ దించాలో థేడీకి తెలియలేదు. డీలియా లేచింది.  పొయ్యి మీదనుంచి మరుగుతున్న టీ దించి, చల్లారనివ్వకుండా, అత్తగారికీ తనకీ, రెండు కప్పుల్లోనే పోసింది.